లాస్ట్ ప్రైస్ ఎంత?

నా ఎఫెక్ట్స్ పెడల్స్‌లో దేన్నయినా చూపించి "ఇది ఎలా ఉంటుంది?" అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది దాని ధర. కొత్తది ఎంత, నాకు ఎంతకు దొరికింది, అమ్మినవాడు ముందు ఎంత చెప్పాడు, చివరికి ఎక్కడికి దిగాడు. ఇదంతా అయ్యాక వినేవాళ్లకు ఓపిక మిగిలుంటే అప్పుడు దాని సౌండ్ సంగతి. గిటార్ వాయించే స్నేహితులందరం ఇలాగే మాట్లాడుకుంటాం కాబట్టి ఇందులో వింతేమీ కనపడలేదు చాలాకాలం. కానీ సంగీతం కోసమని కొన్న వస్తువు గురించి నోటికి ముందుగా వచ్చేది సంగీతం కాకపోతే, అసలు నేను కొంటున్నదేమిటి?

ఈ లోకంతో పరిచయం లేనివాళ్లకు రెండు మాటలు. పెడల్ అంటే గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య నేలమీద పెట్టుకునే చిన్న డబ్బా. కాలితో నొక్కితే లోపలి సర్క్యూట్ గిటార్ గొంతు మారుస్తుంది. ఓవర్‌డ్రైవ్ దానికి గరుకుదనం ఇస్తుంది, డిలే వాయించిన స్వరాన్నే కాస్త ఆగి మళ్లీ వినిపిస్తుంది, కోరస్ ఒక్క గిటార్‌నే రెండు మూడున్నట్టు భ్రమ పెడుతుంది. ఒక్కో రకానికి ఒకటి చాలు. ఒక్కటితో ఆగినవాళ్లు నాకు పెద్దగా తెలీదు.

పెడల్స్‌లో ఫజ్ అనే రకం పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ఛానల్ పాడై, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ సోలో చీలిపోయిన గొంతుతో వచ్చింది. తీసేయకుండా అలాగే ఉంచారు. 1961లో ఆ పాట విడుదలయ్యాక అందరూ ఆ మోత గురించే అడిగారు. ఆ సెషన్ ఇంజినీర్ గ్లెన్ స్నాడీ అదే చప్పుడు కావాలని చేసే సర్క్యూట్ తయారుచేస్తే, గిబ్సన్ సంస్థ 1962లో దాన్ని మాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. మొదట్లో పెద్దగా పోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫాక్షన్'లో కీత్ రిచర్డ్స్ దాన్ని తొక్కాడు, ఏడాది తిరిగేలోపు సరుకంతా ఖాళీ. రిచర్డ్స్ మాత్రం ఆ వరసను బూరలు వాయించాలనుకున్నాడట. ఫజ్‌తో వాయించింది ఊరికే గుర్తుకోసం.

ఈ కథలో పాట ముందు, పెడల్ తర్వాత. పాటలో వినపడ్డదాన్ని మళ్లీ రప్పించడానికి డబ్బా పుట్టింది. నా దగ్గర ఈ వరస తలకిందులు. డబ్బా ముందు వస్తుంది, దాని కోసం పాట ఎప్పటికైనా పుడుతుందని నేను ఎదురుచూస్తుంటాను. ఆడలేక మద్దెల ఓడంటారు. నా తీరు ఇంకొంచెం ఖరీదైనది: మద్దెలను తిట్టను, ఇంకో మద్దెల కొంటాను.

కొనడానికి ముందు చదువుతాను. అక్కడ నేను మంచి విద్యార్థిని. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే ఆకుపచ్చ పెడల్‌లో 1970ల చివర్లో వచ్చిన టీఎస్808, ఆ తర్వాత 1982లో వచ్చిన టీఎస్9 మధ్య ప్రధానమైన తేడా ఔట్‌పుట్ దగ్గర రెండు రెసిస్టర్ల విలువలేనని నాకు తెలుసు. పాత 808లో ఉండే జేఆర్‌సీ 4558 చిప్ కోసం జనం పడిచస్తారని, నిజానికి అది ఎన్నో మామూలు ఆడియో పరికరాల్లో వాడిన చవక చిప్పేనని కూడా తెలుసు. బిల్ ఫినెగన్ 1994 నుంచి సుమారు 8,000 క్లాన్ సెంటార్ పెడల్స్ చేశాడని, ఎవరూ కాపీ కొట్టకుండా సర్క్యూట్ మీద నల్లటి రెజిన్ పోశాడని, అయినా కాపీలు వందల్లో వచ్చాయని, అప్పట్లో కొన్ని వందల డాలర్లకు అమ్మినవి ఇప్పుడు వేలల్లో పలుకుతున్నాయని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ చదువులో ఒక సుఖం ఉంది. స్కేల్స్ సాధన చేస్తే నెల తిరిగినా వేళ్లు మాట వినవు, పెడల్ గురించి ఒక్క రాత్రి చదివితే మర్నాడు పొద్దున్నే నిపుణుణ్ని. వేళ్లకు రాని విద్య నోటికి ఇంత సులువుగా వస్తుంటే ఎవరు కాదంటారు?

ఇంట్లో పరిస్థితి వేరే. మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటు. ఆఫీసు నుంచి వచ్చి, తిని, గిటార్ తీసేసరికి రాత్రి పది దాటుతుంది. పక్క ఫ్లాట్‌లో చిన్నపిల్లలున్నారు. ట్యూబ్ స్క్రీమర్‌కి అంత పేరు తెచ్చింది అప్పటికే గట్టిగా మోగుతున్న ట్యూబ్ ఆంప్‌ని ఇంకొంచెం ముందుకు తోసి, అది తనంతట తానే చిట్లేలా చేయగలగడం. స్టీవీ రే వాన్ గిటార్‌లో వినిపించే ఆ బొద్దుదనంలో చెవులు గింగిర్లెత్తించే ఆంప్‌ల వాటా తక్కువది కాదు. నాకు ట్యూబ్ ఆంప్ లేదు, ఉన్నా మోగించే చోటు లేదు. నేను వాయించేది హెడ్‌ఫోన్స్‌లో. అంటే ఆ పెడల్ ఏ పని కోసం పుట్టిందో ఆ పని నా ఇంట్లో దానికి లేదు. అయినా మూడు రకాలు ఉన్నాయి. మా ఆవిడ ఒకసారి అడిగింది: "ఏమండీ, ఇలాంటి ఆకుపచ్చది ఉందిగా?" "అది వేరు." "వేరంటే?" నేను రెసిస్టర్ల గురించి మొదలుపెట్టాను. తను వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈ అలవాటుకు జబ్బు పేరు పెట్టి నవ్వుకోవడం గిటారిస్టులకు మామూలే. స్టీలీ డాన్ బృందంలోని వాల్టర్ బెకర్ 1990లలో ఒక గిటార్ పత్రికలో రాసిన వ్యాసంతో 'గ్యాస్' అన్న పొట్టి పేరు స్థిరపడిపోయింది. మొదట్లో అది గిటార్లు కొనే రోగం. తర్వాత సామగ్రంతా అందులో చేరింది. నేనూ ఆ పేరు వాడి నవ్విస్తాను. అయితే నాకు అందులో నవ్వుకంటే సౌకర్యం ఎక్కువ. జబ్బు వచ్చినవాణ్ని ఎవరూ నిలదీయరు, జాలిపడతారు. అందుకే ఆ పేరు పక్కన పెట్టి, ఆరోగ్యవంతుడు కావాలని చేస్తున్న పనిగా దీన్ని చూడాలనుకుంటున్నాను.

పెడల్స్ వృథా అనడం కూడా నిజం కాదు. యూ2 బృందంలో ఎడ్జ్ వాయించే ఎన్నో వరసలు డిలే లేకపోతే లేవు. అతను మీటిన స్వరం, డిలే తిరిగిచ్చిన స్వరం పెనవేసుకుంటేనే ఆ లయ పుడుతుంది. ఇంకోవైపు మై బ్లడీ వాలెంటైన్ బృందం 1991లో తెచ్చిన 'లవ్‌లెస్' ఆల్బమ్ వినగానే వెనక పెడల్స్ గుట్ట ఉందనిపిస్తుంది. కానీ అందులో వినిపించే ఊగిసలాటలో ముఖ్యభాగం కెవిన్ షీల్డ్స్ గిటార్‌కున్న ట్రెమొలో కమ్మీని చేత్తో పట్టుకుని వాయించడం వల్ల వచ్చినది. మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ కూడా సామగ్రి మార్చినవాడే. నాలుగు జంట తీగల మాండలిన్‌ని వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. గమకం కోసం, నిలబడే నాదం కోసం మార్చాడు. రాగం అడిగింది, వాద్యం మారింది. ఈ ఉదాహరణలన్నీ నా దగ్గర సిద్ధంగా ఉంటాయి. కొనాలనిపించినప్పుడు ఎడ్జ్‌ని తలుచుకుంటాను. కొనలేనప్పుడు శ్రీనివాస్‌ని.

సౌండ్ కోసం కాదు, వస్తువు కోసమూ కాదు అనుకుంటే మిగిలేది బేరం. నాకు గుండె వేగంగా కొట్టుకునేది పెడల్ తొక్కినప్పుడు కాదు. సెకండ్ హ్యాండ్ ప్రకటనలు తిప్పుతూ పోతుంటే ఉండాల్సినదానికంటే తక్కువ ధర కనపడినప్పుడు. అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసులో కొత్తది తెప్పించుకోవడానికి దారి ఉంది. మా ఇంటి ఆవకాయ అటు వెళ్తుంది, పెడల్ ఇటు వస్తుంది. అందులో ఆదా ఉన్నా ఆట లేదు. ఆట ఉండేది ఎదుట మనిషి ఉన్నప్పుడే.

ఆ ఆటలో నాకు నైపుణ్యం ఉంది. అడుగున వెల్క్రో అంటించి ఉంటే ఒక తగ్గింపు. అసలు పెట్టె లేకపోతే ఇంకొకటి. నాబ్ తిప్పినప్పుడు కరకరమంటే మొహం కాస్త చిట్లించాలి, ఆ కరకర రెండు చుక్కల కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుందని తెలిసినా సరే. ప్రకటనలో 'అర్జెంట్' అన్న మాట ఉంటే తొందరపడకూడదు. రెండు రోజులు ఆగి, అప్పుడు పంపాలి సందేశం: లాస్ట్ ప్రైస్ ఎంత?

ఆ అర్జెంట్ వెనక ఏముంటుందో నాకు తెలియక కాదు. వాళ్లే చెబుతారు. ఎంఎస్‌కి వెళ్తున్నాను. పాప పుట్టింది, వాయించే టైం లేదు. ఉద్యోగం పోయింది. బ్యాండ్ విడిపోయింది. సెకండ్ హ్యాండ్ బజారు నిండా ఇలా ఆగిపోయిన వాయింపులే. ఒక కుర్రాడు మెట్రో స్టేషన్ మెట్ల కింద డిలే పెడల్ తెచ్చిచ్చాడు. తుడిచి, పెట్టెలో పెట్టి, పాంప్లెట్ కూడా పారేయకుండా. అడగకుండానే ఒక ప్యాచ్ కేబుల్ కూడా ఇచ్చాడు. "మీరు బ్యాండ్‌లో వాయిస్తారా అన్నా?" అన్నాడు. దాని తర్వాతి బతుకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని అతనికుంది. "అప్పుడప్పుడు" అని, "ఐదొందలు తగ్గించు తమ్ముడూ, వెల్క్రో ఉంది కదా" అన్నాను. వీసా పనుల మధ్య ఉన్నట్టున్నాడు, సరే అన్నాడు. ఇంటికొచ్చేదాకా నా సంతోషం ఆ ఐదొందల గురించే.

ఇక్కడే నాకు నేను కొంచెం అర్థమయ్యాను. ఆ ఐదు వందలు నాకు పెద్ద లెక్క కాదు. అతనికి ఎంతో నాకు తెలియదు. నాకు రుచించింది డబ్బు కాదు, అతను దిగాడన్న సంగతి. బేరాల వేటలో ఏళ్లు గడిస్తే చెవి ఒక రకంగా తయారవుతుంది. సాధనతో తయారుకాని నా చెవి ఇందులో మాత్రం తేరింది: ఎదుటివాడు అవసరం అంటే నాకు తగ్గింపు అని వినిపిస్తుంది. కూరగాయల బండి దగ్గర నేను పైసా బేరమాడను, ఆటో అతనితో వాదించను, అందుకని నన్ను నేను మెత్తని మనిషినని అనుకుంటాను. నా గట్టిదనమంతా అభిరుచి అనే గదిలో దాచుకున్నాను. అక్కడ జరిగేది సరదా కదా, ఎవరూ లెక్క అడగరు.

ఒకసారి నా కోరస్ పెడల్ అమ్మకానికి పెట్టాను. నిమిషాల్లో సందేశం: "లాస్ట్ ప్రైస్ ఎంత బ్రో?" నమస్కారం లేదు, పెడల్ ఎలా ఉందన్న ప్రశ్న లేదు. మంట పుట్టింది. పెట్టిన ధర కనపడలేదా అనుకున్నాను. ఆ మాటను నేను ఎంతమందికి పంపానో అప్పుడు గుర్తు రాలేదు. మర్నాటి సాయంత్రం వచ్చింది. పెడల్ అమ్మలేదు.

కొనడం మానేస్తానని ఒట్లు పెట్టుకోలేదు. అలాంటి ఒట్లు గిటారిస్టులకు నిలవవు, నాకు అసలు నిలవవు. ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను: అడిగిన ధర న్యాయంగా ఉంటే బేరమాడకుండా ఇవ్వాలి. న్యాయంగా లేకపోతే ఆ ప్రకటన వదిలేయాలి. ఇది దాతృత్వం కాదు, నా మీద నేను చేసుకుంటున్న పరీక్ష. ఫలితం త్వరగానే తేలింది. ప్రకటనలు ఇప్పటికీ చూస్తున్నాను, కొనడం మాత్రం దాదాపు ఆగిపోయింది. అడిగినంత ఇచ్చి తెచ్చుకుంటే ఇంటికొచ్చాక చెప్పుకోవడానికి కథ ఉండదు, గెలుపు ఉండదు. మిగిలేది ఒక పెడల్. దాన్ని వాయించాలి.