రోము నగరంలో కాసేపు కూర్చుంటే పాపమా?



ఇటలీ యాత్రకు పేర్లు ఇచ్చిన ఏ కుటుంబంలోనైనా ఒక మాట వినబడుతుంది. "ఇంత ఖర్చు పెట్టుకొని పోతున్నాం, ఒక్క గుడి కూడా విడిచిపెట్టరాదు." ఈ మాటలో భక్తి ఉంది. కష్టార్జితం మీద గౌరవం కూడా ఉంది. అయినా ఈ వారం ఆ మాటనే కొంచెం ప్రశ్నించి చూద్దాం. యాత్రలో శరీరం "ఇక చాలు" అన్నప్పుడు దాని నోరు నొక్కి ముందుకు నడవడం త్యాగమా, లేక త్యాగం వేషంలో ఉన్న మరొకటా?

బీదరు సరిహద్దున ఉన్న మన న్యాల్‌కల్ మండలంలో ఒక తల్లిని ఊహించుకోండి. అరవై దాటాయి. చక్కెర వ్యాధి ఉంది, మోకాళ్ళ నొప్పి ఉంది. కుమారుడు గల్ఫులో సంపాదించిన డబ్బుతో ఆమెను పునీత పేతురు గారి సమాధి దర్శనానికి పంపుతున్నాడు. జబ్బు సంగతి చెబితే పేరు తీసేస్తారేమోనని ఆమె ఎవరికీ చెప్పలేదు. విమానంలో పక్కవారిని లేపి మరుగుదొడ్డికి వెళ్ళడానికి మొహమాటపడి నీళ్ళు తాగలేదు. రోములో పలుచని చెప్పులతో నడిచింది. కాలి వేలికి పొక్కు లేచింది, చక్కెర ఉన్నవారికి కాళ్ళ స్పర్శ తగ్గుతుంది గనుక ఆమెకు తెలియనే లేదు. మూడవ రోజుకు జ్వరం. ఆసుపత్రిలో ఆమెకు తోడుగా ఇద్దరు ఆగిపోయారు. ఆ రోజు బుధవారం, పోపుగారి దర్శనం రోజు. జీవితంలో ఒక్కసారి దొరికే ఆ దర్శనం వారిద్దరికీ తప్పిపోయింది.

ఆమె ఎవరినీ కష్టపెట్టకూడదనే అన్నీ దాచుకున్నది. చివరకు ఆ దాపరికం వెల ఇతరులు చెల్లించారు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. మనం త్యాగం అనుకునేది కొన్నిసార్లు మన బరువును చెప్పకుండా పక్కవారి భుజం మీదికి మార్చడమే అవుతుంది. అయితే తప్పంతా ఆ తల్లి మీద వేయడం న్యాయం కాదు. బలహీనులు తమ బలహీనత చెప్పుకోవడానికి భయపడే బృందంలో మొదట తప్పు బృందానిదే.

ఈ విషయంలో తిరుసభ అనుభవం ఏమి చెబుతున్నదో చూద్దాం. ఎందుకంటే రోము నగరానికి యాత్రికుల అలసట కొత్త కాదు. 1300వ సంవత్సరంలో ఎనిమిదవ బోనిఫాసు పోపుగారు మొదటి జూబిలీ ప్రకటించినప్పుడు, పేతురు పౌలుల దేవాలయాలను రోము వాసులు ముప్పై రోజులు, బయటివారు పదిహేను రోజులు దర్శించాలని నియమం పెట్టారు. ఆల్ప్స్ కొండలు దాటి కాలినడకన వచ్చినవారు, దారిలో దోపిడీకి గురైనవారు, జ్వరంతో కూలినవారు లెక్కలేదు. 1450 జూబిలీలో, డిసెంబరు నెలలో, టైబరు నది మీది సాన్ ఆంజెలో వంతెన దగ్గర తొక్కిసలాట జరిగి 170 మందికి పైగా చనిపోయారు. పుణ్యం కోసం వచ్చినవారు వంతెన మీద ఊపిరాడక పోయారు.

వందేళ్ళ తరువాత ఒక గొప్ప మార్పు కనబడుతుంది. 1548లో పునీత ఫిలిప్ నేరి గారు కొందరు గృహస్థులతో కలిసి ఒక సహవాసాన్ని స్థాపించారు. 1550 జూబిలీ నాటికి వారి పని ఏమిటంటే, రోముకు నడచి వచ్చిన పేద యాత్రికులకు అన్నం పెట్టడం, పడక ఇవ్వడం, వారి కాళ్ళు కడగడం. కాళ్ళు కడగడం అంటే పెద్ద గురువారం నాటి ఆచారం వంటిది అనుకోకండి. నెలల తరబడి నడచిన కాళ్ళు అవి. పుండ్లు, చీము, పగుళ్ళు. 1575 జూబిలీలో లక్షకు పైగా యాత్రికులు ఆ సహవాసపు సత్రంలో ఆశ్రయం పొందారు. దొరలు, ప్రభువులు కూడా నడుముకు తువ్వాలు కట్టుకొని ఆ పనికి వచ్చేవారు. యాత్రికుని ఆత్మకు రోములో గుడులు చాలా ఉన్నాయి, కాళ్ళకే ఎవరూ లేరని నేరి గారు గ్రహించారు.

ఆయనే ఏడు దేవాలయాల యాత్రను కూడా జనాదరణలోకి తెచ్చారు. పునీత పేతురు, పునీత పౌలు, పునీత సెబాస్తియాను, లాతరాను యోహాను, పరిశుద్ధ సిలువ, పునీత లోరెన్సు, మరియ మహాదేవాలయం, మొత్తం ఇరవై కిలోమీటర్లకు పైగా నడక. ఇక్కడ నాకు ఎంతో నచ్చే సంగతి ఒకటి ఉంది. దారి మధ్యలో ఒక తోటలో ఆయన అందరినీ కూర్చోబెట్టేవారు. రొట్టె, ద్రాక్షారసం, గుడ్డు, చీజు, ఆపిలు పండ్లు పంచేవారు. పాటగాళ్ళు పాడేవారు. మన భాషలో చెప్పాలంటే సద్ది మూట విప్పించేవారు! ఆ భోజనం యాత్రకు విరామం కాదు, యాత్రలో భాగమే. పునీతుడే చెట్టు నీడన కూర్చోబెట్టినప్పుడు, మన యాత్రా నిర్వాహకులు మధ్యాహ్నం ఎండలో జెండా ఎత్తి పట్టుకొని "నడవండి, నడవండి" అనడం ఏ భక్తి?

నిజానికి మన ప్రాంతం రైతుకు ఈ జ్ఞానం పుట్టుకతో ఉన్నదే. న్యాల్‌కల్ చేలలో ఏప్రిల్ నెలలో ఎవరూ మిట్టమధ్యాహ్నం పని చేయరు. తెల్లవారకముందే చేనికి పోతారు, ఎండ ముదిరేసరికి వేపచెట్టు కిందికి చేరతారు, పొద్దు వాలిన తరువాత మళ్ళీ పనిలోకి దిగుతారు. అదే మనిషి విమానం దిగగానే ఈ జ్ఞానమంతా మరచి, జూలై నెలలో పన్నెండు గంటలకు పునీత పేతురు మైదానంలో టోపీ కూడా లేకుండా నిలబడతాడు. "మాకు ఎండ కొత్తా?" అంటాడు. ఎండ కొత్త కాదు, కానీ నీడ లేకుండా రెండు గంటలు వరుసలో నిలబడడం కొత్త.

ఒకప్పుడు ఈ నగరపు వేసవి ఎండతోనే ఆగేది కాదు. రోమను జ్వరం అనే పేరు యూరపు అంతా భయంతో పలికేవారు. 1590లో ఎన్నికైన ఏడవ అర్బను పోపుగారు పదమూడు రోజులకే ఆ జ్వరంతో మరణించారు. మలేరియా అనే మాటే ఇటలీ భాషలో "చెడు గాలి" అని అర్థం. కారణం గాలి కాదని, దోమ అని మొదట కనిపెట్టినది ఎక్కడో తెలుసా? 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో, రోనాల్డ్ రాస్ గారు. మరుసటి సంవత్సరం ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రజ్ఞుడు మనుషులకు ఆ వ్యాధిని చేర్చేది అనాఫిలిస్ దోమ అని చూపాడు. ఎన్నో వందల ఏళ్ళు యాత్రికులు దైవ నిర్ణయం అనుకొని సహించిన దానికి ఒక కారణం ఉంది, ఒక నివారణ ఉంది. తెలుసుకోగలిగినదానిని తెలుసుకోకుండా సహించడం వేరు, తప్పనిదానిని సహించడం వేరు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పునీతులు శరీరాన్ని లెక్కచేశారా? అస్సీసి పుర పునీత ఫ్రాన్సిస్ గారు తన దేహాన్ని గాడిద సోదరుడు అని పిలిచేవారు. ఉపవాసాలతో, జాగరణలతో దానిని చాలా శ్రమపెట్టారు. ఐగుప్తు నుండి వచ్చిన తరువాత కన్నుల వ్యాధితో బాధపడ్డారు. 1226 అక్టోబరులో మరణించేనాటికి ఆయనకు ఇంచుమించు నలభై నాలుగేళ్ళు మాత్రమే. అయితే చివరి రోజులలో ఆయన తన దేహాన్ని క్షమాపణ కోరారని సంప్రదాయం చెబుతున్నది. దానిని మరీ కఠినంగా చూశానని ఆయనే ఒప్పుకున్నారట. అస్సీసికి వెళ్ళే మన యాత్రికులు ఆ కఠిన తపస్సు గురించి వింటారు గాని, ఈ క్షమాపణ గురించి తక్కువగా వింటారు.

అలాగని ఆరోగ్యమే సర్వస్వమని చెప్పడం కూడా తప్పే. ప్రతి గ్లాసు నీళ్ళకు భయపడి, ప్రతి మనిషి దగ్గును చూసి పారిపోయే యాత్రికులూ ఉన్నారు. వారు రోము వెళ్ళినా హోటలు గది దాటరు. అలాంటివారు పునీత ఇగ్నేషియసు దేవాలయంలో ఉన్న ఒక సమాధి ముందు కాసేపు నిలబడాలి. అక్కడ ఉన్నది పునీత అలోసియసు గొన్జాగా గారు. 1591లో రోములో అంటువ్యాధి ప్రబలినప్పుడు ఆ యువకుడు వీధులలో పడి ఉన్న రోగులను మోసుకొని ఆసుపత్రికి చేర్చాడు. అదే జబ్బు అంటుకొని జూన్ 21న కన్నుమూశాడు. వయస్సు ఇరవై మూడు. ఆయన ఆరోగ్య సూత్రాలు పాటించలేదని ఎవరూ అనరు.

అప్పుడు తేడా ఎక్కడ? నాకు తోచినది చెబుతాను. అలోసియసు గారు తన దేహాన్ని ఒక మనిషి కోసం ఖర్చు చేశారు. మన ఊహలోని తల్లి తన దేహాన్ని ఒక జాబితా కోసం ఖర్చు చేసింది. మరొక గుడి, మరొక ఫోటో, ఊరికి వెళ్ళాక చెప్పుకోవడానికి మరొక పేరు. దేహాన్ని ఎన్నడూ ఖర్చు చేయరాదని కాదు, ఎవరి కోసం ఖర్చు చేస్తున్నామో చూసుకోవాలి. యేసుప్రభువు సిలువ మీద దేహాన్ని అర్పించారు. కానీ అదే ప్రభువు నడిచి అలసి సమరియలో బావి గట్టున కూర్చున్నారు, నీళ్ళు అడిగారు. ఆయన అలా కూర్చున్నందువల్లనే ఆ స్త్రీతో మాటలు జరిగాయి.

పరిశుద్ధ మెట్ల సంగతి ఏమిటని అడుగుతారు. లాతరాను దగ్గర ఉన్న ఆ 28 మెట్లు మోకాళ్ళ మీద ఎక్కడం పురాతన భక్తి. ఎక్కగలిగినవారు తప్పక ఎక్కండి. కానీ పక్కనే మామూలుగా నడిచి ఎక్కే మెట్లు కూడా ఉన్నాయి. అవి అవిశ్వాసుల కోసం కట్టినవి కావు, అరిగిన మోకాళ్ళ వారికి కూడా పైనున్న ప్రార్థనాలయం అందాలి కదా.

అలాగే దివ్యసత్ప్రసాదం కోసం తెల్లవారుజాము నుండి మధ్యాహ్న పూజ వరకు పచ్చి మంచినీళ్ళు ముట్టనివారు మనలో ఇంకా ఉన్నారు. తిరుసభ చట్టం కోరేది ఒక్క గంట ఉపవాసం. నీళ్ళు, మందులు ఆ ఉపవాసాన్ని భంగపరచవు. వృద్ధులకు, రోగులకు, వారికి సేవ చేసేవారికి ఆ గంట నియమం కూడా లేదు. చక్కెరకు మందు వేసుకొని ఆహారం తీసుకోకపోతే మనిషి పూజ మధ్యలోనే స్పృహ తప్పవచ్చు. తిరుసభ అడగని కష్టాన్ని మనం ఎందుకు కొనితెచ్చుకోవాలి?

నీళ్ళ మాట ఇంకొంచెం చెప్పాలి. మన స్త్రీలు గుణదల ఉత్సవానికి వెళ్ళినా, వేళాంగణికి వెళ్ళినా బస్సు ఎక్కే ముందు నీళ్ళు మానేస్తారు. మరుగుదొడ్డి ఎక్కడ ఉందని అడగడానికి సిగ్గు. రోములోనూ అంతే చేస్తారు. మూత్రకోశ వ్యాధులకు, ఎండదెబ్బకు ఇదొక ముఖ్య కారణం. ఆ నగరంలో వీధి వీధికి ఇనుప కుళాయి స్తంభాలు ఉన్నాయి, 1870ల నుండి పెడుతున్నవి, ఇప్పుడు రెండు వేలకు పైగా ఉన్నాయి. వాటి నీళ్ళు చల్లగా, శుభ్రంగా, ఉచితంగా పగలూ రాత్రీ పారుతుంటాయి. చేతిలో ఖాళీ సీసా ఉంటే చాలు. కానీ నీళ్ళు దొరకడం సగమే. బృందం నాయకులు ప్రతి ఉదయం "మరుగుదొడ్లు ఫలానా చోట ఉన్నాయి, ఫలానా సమయంలో ఆగుతాం" అని మగవారి ముందే గట్టిగా ప్రకటించాలి. ఇది మాట్లాడదగని విషయం అనుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారి కాలంలో పునీత పేతురు మైదానం స్తంభాల పక్కనే, ఇల్లు లేనివారి కోసం స్నానపు గదులు కట్టించారు, క్షౌరం చేసే ఏర్పాటు కూడా చేశారు. ప్రపంచమంతా చూడవచ్చే చోట!

మిగతా జాగ్రత్తలు త్వరగా చెబుతాను. రోము వీధులలో పరిచిన నల్లరాళ్ళకు సాన్‌పియెత్రీని అని పేరు, అంటే చిన్న పునీత పేతురులు. పేరు పవిత్రమే గాని అవి చీలమండను మెలిపెడతాయి. కొత్త బూట్లు కొని ఆ రోజే వేసుకోవద్దు. నెల ముందు నుండే ఊరిలో వేసుకొని నడవండి. మందులు చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా ఉండాలి. ఇటలీ గడియారం మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది గనుక ఇన్సులిను వేళలు బయలుదేరే ముందే డాక్టరును అడగండి. విమానంలో గంటకొకసారి లేచి నడవండి. వీసా కోసం తీసుకునే ముప్పై వేల యూరోల ఆరోగ్య బీమా కాగితాన్ని పెట్టె అడుగున పెట్టకండి. అత్యవసరానికి ఫోను నంబరు 112. మాంసపు పచ్చళ్ళు, పాలకోవాలు తీసుకుపోవడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు, విమానాశ్రయంలో పోగొట్టుకొని బాధపడవద్దు.

పునీత పేతురు గోపురం ఎక్కాలంటే 551 మెట్లు. లిఫ్టు ఎక్కినా ఇంకా 320 ఉంటాయి. ఎక్కలేనివారిని కింద ఒంటరిగా వదిలి వెళ్ళడం బృందాలలో మామూలు. "మీరు ఇక్కడే ఉండండి అమ్మా, మేము పోయి వస్తాం" అంటారు. ఆ గంటసేపు పరాయి భాషల జనం మధ్య ఆ పెద్దామె పడే భయం గోపురం మీదివారికి కనబడదు. ఒక్కరు ఆమె పక్కన ఉండిపోతే? ఆ ఒక్కరు ఏమి పోగొట్టుకున్నట్లు? దేవాలయం లోపల కుడివైపు మొదటి ప్రార్థనాలయంలోనే మైఖెలాంజెలో చెక్కిన వ్యాకులమాత ఉంది. చచ్చిన కుమారుని ఒడిలో మోస్తున్న తల్లి. ఇద్దరూ దాని ముందు గంటసేపు ఉండవచ్చు. మామూలుగా బృందాలు అక్కడ రెండు నిమిషాలు మాత్రమే ఆగుతాయి.

అసలు రానే రానివారు మరికొందరు ఉన్నారు. మంచం పట్టిన నాయనమ్మ, ఆమెను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయిన కోడలు. 2025 జూబిలీ కోసం వాటికను 2024 మేలో ఇచ్చిన నియమాలలో వీరి మాట ఉంది. రోగులు, వృద్ధులు, ఇల్లు కదలలేనివారు ఉన్నచోటనే ప్రార్థిస్తూ, తమ బాధలను అర్పిస్తూ, యాత్రికులతో సమానంగా జూబిలీ ఫలాన్ని పొందవచ్చునని అందులో ఉంది. రోము వెళ్ళి వచ్చినవారు జపమాలలు, పతకాలు తెచ్చి పంచుతారు. ఆ కోడలికి ఒక జపమాలతో పాటు, మరుసటి నెలలో పది రోజులు ఆ మంచం దగ్గర తాము కూర్చుంటామని కూడా చెప్పి వస్తే, ఆమె కనీసం గుణదల వరకైనా పోయి వస్తుంది.