చెట్టెక్కే మనిషికి ‘వద్దు’ అనే హక్కు

శ్రీరాంపూర్ సింగరేణి కాలనీల్లో, చుట్టుపక్కల ఊళ్లలో పెరడున్న ఇంటికి ఒక చెట్టయినా ఉంటుంది. వేపో, మామిడో, జామో, మునగో. కొమ్మ కరెంటు తీగకు తగిలినా, రేకుల మీదికి వంగినా, కాండానికి చెద పట్టినా ఇంటివాళ్లు మనిషి కోసం వెతుకుతారు. షిఫ్టు డ్యూటీ చేసే కుటుంబానికి చెట్టెక్కే తీరిక ఉండదు, అలవాటూ ఉండదు. గూడెం నుంచి వచ్చిన పిల్లవాడో, అడ్డా మీది కూలీయో గొడ్డలి పట్టుకొని వస్తాడు. మన ఇంటి చెట్టును డబ్బిచ్చి ఇంకొకరితో చూపించుకోవడం న్యాయమేనా?

కాదనే పెద్దలు మనలో ఉన్నారు. నాటిన చేయే నీళ్లు పోయాలి, నాటిన కన్నే కనిపెట్టాలి అంటారు. ఆ మాటలో బలం ఉంది. గోండు గూడేలలో కొత్త ఇప్పపువ్వును దేవునికి పెట్టనిదే ముట్టరు. చెట్టు దగ్గర తీసుకునే ముందు ఒక్కక్షణం ఆగాలి అన్నదే ఆ ఆచారంలోని నీతి.

అయితే ప్రేమ ఉన్నంత మాత్రాన వైద్యం రాదు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి మాడిపోయాయి. ఏ కీడు వస్తుందోనని జనం భయపడ్డారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే తెగులని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. తర్వాత చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. ఎండిందని తొందరపడి కొట్టేస్తే ఆ చిగురు చూసే అవకాశమే ఉండదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడండి. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే ఆ మర్రికి చెద పట్టి, 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగింది. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చెదల మందును చుక్కచుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఆసరా పెట్టారు. అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. కాబట్టి తెలిసిన మనిషిని పిలవడం తప్పు కాదు. పిలిచిన మనిషికి ఏ లెక్కన డబ్బిస్తున్నాం, ఏ మాట చెప్పే వీలిస్తున్నాం అన్న దగ్గరే తప్పొప్పులు తేలతాయి.

చాలాచోట్ల బేరం ఇలా ఉంటుంది: ‘కొట్టిన కట్టె నువ్వే తీసుకుపో, కూలి కొంచెం తగ్గించుకో.’ ఇంటివాళ్లకు ఖర్చు తగ్గుతుంది. కానీ ఎంత ఎక్కువ కొడితే కొట్టేవాడికి అంత లాభం. ఒక్క కొమ్మ తీస్తే సరిపోయే చెట్టు మొండెంగా మిగులుతుంది. ఇందులో కూలీని తిట్టి లాభం లేదు. బేరమే అలా కుదిరింది.

ఈ సంగతి అడవిలో మనకు తెలియనిది కాదు. తపసి జిగురుకు బరువును బట్టి ధర. ఎక్కువ జిగురు కోసం లోతుగా, వెడల్పుగా గాట్లు పెడితే చెట్టు నీరసించి చచ్చిపోతుంది. చిన్న గాటు, తక్కువ లోతు, మానడానికి విరామం అనే పద్ధతిని జిగురు సేకరించేవాళ్లకు శిక్షణ ఇచ్చి నేర్పవలసి వచ్చింది. అటువంటి శిక్షణకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా పూనుకుంది. చెట్టు బతికితేనే మరుసటి ఏడు జిగురు.

కూలీకీ నిపుణుడికీ తేడా ఎక్కడుంది? చేతిలోని పనిముట్టులో లేదు, చొక్కాలో లేదు. డాక్టరు ‘ఈ ఆపరేషన్ మీకు అక్కర్లేదు’ అంటే ఫీజు ఇచ్చి వస్తాం. చెట్టెక్కే పిల్లవాడు ‘ఈ కొమ్మ కొట్టొద్దు, చెట్టు చెడుతుంది’ అంటే మాత్రం ‘చెప్పింది చెయ్’ అంటాం. ‘వద్దు’ అనగలిగినవాడే నిపుణుడు. ‘వద్దు’ అన్న రోజు కూడా అతని ఇంట్లో పొయ్యి వెలగాలి. అందుకే కట్టెకు కాదు, చూపుకు డబ్బివ్వాలి. వచ్చి చూసి, ఏమీ కొట్టకుండా పోయినా ఆ పూట కూలి ఇవ్వడమే న్యాయం.

ఇంటివాళ్లు కొనలేనిది కూడా ఒకటుంది. మందు వేయడానికి, కొమ్మ తీయడానికి మనిషిని పెట్టుకోవచ్చు. రోజూ చెట్టు వైపు చూడటానికి ఎవరినీ పెట్టుకోలేం. మొదలు చుట్టూ సిమెంటు పోసి, కాండానికి మేకులు కొట్టి, ఏడాదికోసారి మనిషిని పిలిస్తే అతను మాత్రం ఏం చేస్తాడు? చెట్టును పూర్తిగా కొట్టాలంటే 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఆ అనుమతి అడగాల్సిన బాధ్యత కూడా ముందుగా ఇంటి యజమానిదే.

గూడెం యువకులకు ఒక మాట. చెట్టెక్కడం, కొమ్మ బరువు అంచనా కట్టడం మీకు చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య. దానికి కొత్త విద్యను జోడించండి. పెద్ద కొమ్మను ముందు కింది నుంచి కొంత కోసి, తర్వాత కాస్త అవతల పై నుంచి కోస్తే బెరడు చీలదు. మిగిలిన మోడును చివరగా, కొమ్మ మొదట్లో ఉబ్బిన భాగం చెడకుండా తీయాలి. అక్కడి నుంచే చెట్టు గాయాన్ని మూసుకుంటుంది. నడుముకు తాడు లేకుండా ఎక్కకండి, తీగల దగ్గర కరెంటు ఆపించనిదే చేయి పెట్టకండి. మీ ప్రాణమూ ఆ లెక్కలోదే.

ఉపాధ్యాయులు బడి ఆవరణలోని ఒక్క చెట్టును పిల్లలకు అప్పగించి, ఏడాది పొడవునా దాని ఆకు, బెరడు, పురుగు, చిగురు రాయించండి. ఆ పిల్లలు రేపు చెట్టెక్కేవాళ్లయినా, ఎక్కించేవాళ్లయినా, కొట్టే ముందు ఒకసారి ఆగుతారు.