వేరు దగ్గరి నీళ్లు



మన ఓరుగల్లు ప్రాంతానికి తపస్సుకాలం ఎండలను వెంటబెట్టుకొని వస్తుంది. విభూతి బుధవారం నాటికి పచ్చగా ఉన్న పెరటి పాదులు మ్రానికొమ్మల ఆదివారం నాటికి తలలు వాల్చేస్తాయి. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. మనకు కురిసే వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురిసి వెళ్లిపోతుంది. అందుకే 13వ శతాబ్దంలో, కాకతీయుల ఏలుబడిలో, రామప్ప, పాకాల వంటి చెరువులు కట్టించారు. వచ్చిన నీటిని నిలుపుకున్నవాడే ఈ నేలమీద పంట తినగలడని ఆ పెద్దలు ఎరుగుదురు.

నేను మాత్రం ఆ సంగతి ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక ఏడాది గురువుల నివాసం వెనుక టమాట నారు నాటాను. ఆదివారం పూజ ముగిశాక, పది గంటల ఎండలో, పైపుతో మడి నిండా నీళ్లు పెట్టేవాడిని. మళ్లీ వారం దాకా అటు చూసేవాడిని కాదు. ఏప్రిల్‌లో పూత రాలింది, మొక్కలు ఎండిపోయాయి. తప్పు ఎండదేనని సరిపెట్టుకున్నాను.

ఆ నెలలోనే ఇండ్లు దీవించడానికి వెళ్తూ ఒక అవ్వ పెరడు చూశాను. నాలుగు మంచాలంత జాగా. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గంగవాయిలి కూర కళకళలాడుతున్నాయి. టమాట ఒక్కటీ లేదు. "ఈ ఎండకు అది ఆగదు ఫాదర్, దసరా దాటినంక పెట్టాలె" అన్నది. పాదుల చుట్టూ వరిగడ్డి కప్పింది. పడమటి ఎండకు తాటాకుల దడి కట్టింది. మొక్కల నడుమ రంగూ పూతా లేని మట్టికుండలను మెడదాకా పాతి, నీళ్లు నింపి, మూతలు పెట్టింది. చుట్టూ మట్టి ఆరినకొద్దీ కుండ మెల్లగా చెమర్చి వేరుకు నీరందిస్తుంది. "పైన పోస్తే ఎండ తాగుతది, లోపల పోస్తే చెట్టు తాగుతది ఫాదర్." రెండువేల ఏండ్ల కిందటే చీనా దేశపు వ్యవసాయ గ్రంథమొకటి ఈ పద్ధతిని వివరించింది. అవ్వ ఏ గ్రంథమూ చదవలేదు.

ప్రియులారా, మన భక్తి ఆ టమాట మడిలాంటిది కాదా? ఆదివారం వరద, ఆరు రోజులు కరువు. పండుగనాడు పొంగి పొర్లిన ప్రార్థన కష్టం వచ్చిన రోజున వేరుకు అందదు. ప్రతి సాయంత్రం ఇంటిల్లిపాది కూర్చొని పది మంగళవార్త జపాలు చెప్పుకున్నా చాలు, అది పాతిన కుండ. గది తలుపు మూసుకొని ప్రార్థించమని ప్రభువు చెప్పినది కూడా, మూత పెట్టిన కుండవలె, లోపల నిలిచే నీటి గురించే.

అయితే ఆ పెరట్లో నేను చూసినది ఇంకొకటి ఉన్నది. నడుమ గోడ. అవతల పెద్ద కొడుకు ఇల్లు, బోరు అటువైపే. అన్నదమ్ములకు మాటలు లేవు. గోడ మీదుగా వచ్చే పైపు రెండేండ్లుగా రావడం లేదు. చిన్నకొడుకు దగ్గర ఉండే అవ్వ బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు మోసి కుండలు నింపుతున్నది. కోసిన మొదటి పిడికెడు బెండకాయలు మాత్రం గోడ అవతలి మనుమలకే. ఇద్దరు కొడుకులూ ఆదివారం ఒకే వరుసలో నిలబడి దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు. ఆ ఇల్లేదో చెప్పను. అటువంటి ఇండ్లు మన విచారణల్లో ఒక్కటే కాదు.

ఆహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను ఎందుకు కోరుకున్నాడో గుర్తున్నదా? కూరగాయలు పండించుకోవడానికే! కూరల మడి కోసం పొరుగువాని రక్తం చిందింది (1 రాజులు 21). యెషయా ప్రవక్త మరొక తోటను చూపించాడు (58వ అధ్యాయం). ఆకలిగొన్నవానికి అన్నం పెట్టి, నలిగినవాని భారం దించినవాడు ఎండుభూమిలో సైతం నీరు తగ్గని తోట వంటివాడవుతాడని ఆయన బోధ. విభూతి బుధవారం తరువాతి శనివారం పూజలో శ్రీసభ మనకు ఈ పఠనాన్నే వినిపిస్తుంది. ముందు పంచుకోవడం, ఆ తరువాతనే పచ్చదనం. మనం ఒక పూట అన్నం మాని, పొరుగింటికి నీళ్లు కూడా మానితే అది ఏమి ఉపవాసం?

ఈ వారం మీ పెరట్లో ఒక కుండ పాతండి. మీ ఇంట బోరుంటే, నీళ్లు లేనివారికి ఒక గంట పైపు అందించండి.

ఆ ఇంటి పైపు ఇంకా గోడ దాటలేదు. అయితే పెద్దకోడలు చడీచప్పుడు లేకుండా రెండు బిందెలు గోడమీద పెట్టి వెళ్లిందని మొన్న అవ్వ చెప్పింది. ఉత్థానమైన ప్రభువును చూసి మగ్దల మరియ తోటమాలి అనుకున్నది. ఆ తోటమాలి మన ఇండ్ల నడుమ గోడలు దాటి వచ్చి, ఎండిన ప్రతి వేరుకు నీరందించును గాక. ఆమెన్.