విశ్వాసానికి పూర్వపక్షం

నాస్తికుడన్న మాటకు ఈనాడు లోకంలో వ్యాపించిన అర్థం ఒకటి. శాస్త్రగ్రంథాలు ఇచ్చిన అర్థం వేరొకటి. పరలోకం లేదనువాడు నాస్తికుడని వైయాకరణులు చెప్పినారు. వేదాన్ని నిందించువాడు నాస్తికుడని మనుస్మృతి నిర్ణయించినది. ఈశ్వరుడు లేడన్నంత మాత్రాన ఒకనికి ఆ పేరు రాదు. వేదప్రామాణ్యాన్ని నిలుపుటకై జీవితమంతా వాదించిన కుమారిలభట్టు, జగత్తుకు కర్త ఒకడున్నాడన్న మతాన్ని శ్లోకవార్తికంలో తీవ్రంగా ఖండించినాడు. అయినా ఆస్తికదర్శనకారులలో ఆయన స్థానం చెక్కుచెదరలేదు. ఈశ్వరుని గూర్చిన ప్రశ్న బయటినుండి వచ్చి పడినది కాదనీ, ఆస్తికుల ఇంటిలోనే పుట్టి పెరిగినదనీ దీనివలన తెలుస్తున్నది.

అంతకన్న గమనింపదగినది మన శాస్త్రవాద పద్ధతి. సిద్ధాంతం చెప్పదలచినవాడు ముందుగా పూర్వపక్షం చెప్పవలెను. పద్నాలుగవ శతాబ్దికి చెందిన మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహం చార్వాకమతంతోనే ప్రారంభమవుతుంది. చార్వాకుల గ్రంథాలు చాలవరకు నశించినవి. వారి వాదాలు నేడు ముఖ్యంగా వారిని ఖండించినవారి పుటలలో మిగిలినవి. ఆ ఖండనలలో వక్రీకరణ లేకపోలేదు, ఎగతాళి లేకపోలేదు. అయినా చార్వాకునికి సమాధానం చెప్పక ముందుకు సాగరాదన్న నియమాన్ని ఆ పండితులు పాటించినారు. కంటికి కనబడనిదానిని అనుమానప్రమాణంతో నిలుపవచ్చునా అని అతడు అడిగినందువలననే, పొగకూ నిప్పుకూ గల వ్యాప్తిని గూర్చి నైయాయికులు అంత సూక్ష్మంగా ఆలోచింపవలసివచ్చినది. ప్రతివాది ఇచ్చిన శ్రమ సిద్ధాంతికి బలమైనది.

ఈ పూర్వపక్షం గ్రంథాలకే పరిమితమై ఉండిన దానిని పండితుల వినోదమని తోసివేయవచ్చును. కాని మనుష్యుల బ్రతుకులు దానితో ముడిపడిన సందర్భాలు గత శతాబ్దంలోనే కనబడతాయి.

1934 జనవరి 15న బీహారులో ఘోరమైన భూకంపం వచ్చి వేలమంది మరణించినారు. అస్పృశ్యత అనే పాపానికి ఇది దైవమిచ్చిన శిక్ష అని గాంధీజీ ప్రకటించినారు. అస్పృశ్యతను ద్వేషించుటలో ఆయనకు తీసిపోని రవీంద్రనాథ టాగూరు ఆ మాటకు బహిరంగంగా అభ్యంతరం తెలిపినారు. ప్రకృతిలోని ఉత్పాతాలకు ప్రకృతిలోనే కారణాలు వెదకవలెననీ, ఇటువంటి వాదం గాంధీజీకంటె ఆయన ప్రతిపక్షులకే ఎక్కువగా ఉపకరిస్తుందనీ ఆయన హెచ్చరించినారు. ఆలయప్రవేశాన్ని వ్యతిరేకించే సనాతనులు, ఆ ఉద్యమమే దైవాగ్రహానికి కారణమని అంతే సులభంగా అనవచ్చును గదా! టాగూరు నాస్తికుడు కాడు. అయినా ఆనాడు ఆయన చేతబట్టినది నాస్తికుని గీటురాయియే: ఏ పక్షానికైనా సమానంగా ఒదిగే కారణం, కారణమే కాదు. గాంధీజీ తన నమ్మకాన్ని విడువలేదు. కాని ఆ అభ్యంతరాన్ని తన హరిజన్ పత్రికలోనే ప్రచురించి, దానికి సమాధానం వ్రాసినారు. పూర్వపక్షానికి ఈయదగిన గౌరవం అది.

భూకంపానికి దైవం కారణమనుట ఒక పొరపాటు. ఆకలికి దైవం కారణమనుట అంతకన్న ప్రమాదకరం. 1943లో బంగాళాన్ని క్షామం దహించినది. గోరా అని ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు ఆ దినాలలో కలకత్తా వీధులను చూచినాడు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రాన్ని నెలకొల్పినవాడాయన. మిఠాయిలూ పండ్లూ పేర్చిన దుకాణాల ప్రక్కనే మనుష్యులు ఆకలితో కుప్పకూలి మరణించినారు; చేయి చాచి అందుకొన్నవారు లేరు. 1944లో సేవాగ్రామంలో గాంధీజీతో ఈ సంగతి చెప్పి, ఆ నిశ్చేష్టతకు మూలం దైవంపై భారం వేసే అలవాటేనని గోరా వాదించినాడు. క్షామానికి యుద్ధకాలపు ప్రభుత్వ విధానాలు, ధరల పెరుగుదల వంటి కారణాలు ఎన్నో కలవు. నిస్సహాయతనంతటినీ భక్తికే అంటగట్టుట న్యాయం కాదు. అయినా ఆ ప్రశ్నలోని ముల్లు అక్కడనే ఉన్నది. దైవేచ్ఛ అన్న మాటను ఆకలిగొన్నవాడు అన్నప్పుడు అది ఓదార్పు కావచ్చును. కడుపు నిండినవాడు అన్నప్పుడు ఏమవుతుంది? ప్రతి ఆస్తికుడూ ఈ భేదాన్ని తన నాలుకపైననే పరీక్షించుకొనవలెను.

ఓదార్పు విషయంలో భగత్‌సింగ్ అడిగిన ప్రశ్న ఇంకా కఠినమైనది. తన నాస్తికత్వం అహంకారఫలమన్న ఆరోపణకు సమాధానంగా 1930లో లాహోరు జైలులో ఆయన ఒక వ్యాసం వ్రాసినాడు. మరుసటి సంవత్సరం, ఆయనను ఉరితీసిన తరువాత, అది అచ్చయినది. విశ్వాసం కష్టాలను తేలికపరుస్తుందని ఆయన ఒప్పుకొన్నాడు. ఉరిత్రాడుకు ఆవల తనకేమీ లేదని తెలిసికూడ, భయం కొద్దీ ప్రార్థించుట తన దృష్టిలో స్వార్థమూ, ఓటమీ అవుతుందన్నాడు. ఏ ప్రతిఫలమూ ఆశింపక ప్రాణమిచ్చినవాని ముందు, పుణ్యం కోసం ధర్మం చేసేవాడు కొంత తల వంచుకొనక తప్పదు. నిష్కామకర్మను బోధించిన దేశంలో దానికి నిదర్శనం ఒక నాస్తికునిలో కనబడినప్పుడు, దానిని గుర్తింపగలుగుటయే భక్తునికి పరీక్ష.

గాంధీజీ ఈ పరీక్షకు ఒక సమాధానం వెదకినారు. విద్యార్థిగా లండనులో ఉన్నప్పుడు, 1891లో, ప్రసిద్ధ నాస్తికుడైన చార్లెస్ బ్రాడ్‌లా అంత్యక్రియలకు ఆయన వెళ్లినారు. నలుబది సంవత్సరాల తరువాత, 1931 డిసెంబరులో, స్విట్జర్లాండులోని లొసాన్ నగరంలో మాట్లాడుతూ, దైవమే సత్యమన్న పూర్వపు మాటను తిరగవేసి సత్యమే దైవమన్నారు. దైవాన్ని నిరాకరించినవారు సైతం సత్యాన్ని నిరాకరింపలేదనీ, బ్రాడ్‌లా వంటివారు సత్యంపై గల తపనతోనే దైవాన్ని కాదన్నారనీ ఆయన కారణం చూపినారు. ఈ మార్పు కేవలం మాటల చమత్కారం కాదు. దైవం మొదట వచ్చినప్పుడు సత్యాన్ని దానికి తగినట్లు మలచుకొనే ప్రమాదం ఉన్నది; సత్యం మొదట వచ్చినప్పుడు దైవాన్ని గూర్చిన భావనయే దిద్దుబాటుకు లోబడవలెను.

ఆ మాట ఆచరణకు వచ్చిన సందర్భం ఒకటి కలదు. గోరా తన పెద్ద కుమార్తెను ఒక హరిజన యువకునికి ఇవ్వదలచినప్పుడు, వివాహం సేవాగ్రామంలో జరుగునట్లు గాంధీజీ అంగీకరించినారు. ప్రమాణంలో దైవం పేరుకు బదులు సత్యం పేరు ఉంచుటకూ ఒప్పుకొన్నారు. 1948 మార్చిలో ఆ వివాహం జరుగునాటికి ఆయన జీవించి లేరు.

ప్రశ్నించుటయే ధర్మమైతే విశ్వాసానికి మిగిలేదేమి అని శంకించేవారుండవచ్చును. భూకంపాలకు కారణం చెప్పే పని నుండీ, ఆకలిని సమర్థించే పని నుండీ, పుణ్యాన్ని లెక్కకట్టే పని నుండీ విడివడిన విశ్వాసానికి, కృతజ్ఞత, కరుణ, అహంకారరాహిత్యం అప్పటికీ మిగిలే ఉంటాయి. నాస్తికుడూ తన నిరాకరణను సిద్ధాంతంగా చేసికొని పూర్వపక్షం వినుట మానినప్పుడు అదే గూటికి చేరుతాడు. అందుచేత ఇరువురికీ ఒకరి అవసరం ఒకరికి ఉన్నది. కాని మందిరమూ, సంఘమూ, అధికారమూ తన వెనుక ఉన్నందువలన, ముందుగా చెవి ఒగ్గవలసిన బాధ్యత ఆస్తికునిదే.