చుక్కాని ఎవరి చేతిలో ఉన్నది?

సైబర్ స్పేస్ అను మాటను మనము తరచుగా వినుచున్నాము. దాని పుట్టుక తెలిసికొనుట మేలు. 1948లో నార్బర్ట్ వీనర్ అను అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు, జీవులను యంత్రములను అదుపులో నడుపు తీరును గూర్చిన శాస్త్రమునకు సైబర్నెటిక్స్ అని పేరు పెట్టెను. ఓడ నడుపువాడు అను అర్థముగల గ్రీకు మాట దానికి మూలము. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో, పౌలు ఎక్కిన ఓడ నావికునికి గ్రీకు మూలమందు వాడబడిన మాటయు అదే. 1982లో విలియం గిబ్సన్ అను రచయిత తన కథలో సైబర్ స్పేస్ అను పదమును కల్పించెను. గనుక ఆ పేరులోనే ఒక ప్రశ్న యున్నది: చుక్కాని పట్టినవాడెవడు?

అది ఎక్కడో ఆకాశములోనున్న వేరొక లోకమని కొందరు తలంతురు. అట్లు కాదు. ఒక గదిలో ఫోను పట్టుకొనియున్న మనిషికిని, మరియొక గదిలో ఫోను పట్టుకొనియున్న మనిషికిని నడుమనున్న ఎడమే అది. ఆ ఎడములో ముఖము కనబడదు. అపాయమంతయు అక్కడనే పుట్టుచున్నది.

హైదరాబాదులోని కృష్ణానగర్‌ను చూడుడి. అది సినిమా పనివారి పేట. జూనియర్ ఆర్టిస్టులు, లైట్ మెన్, మేకప్ పనివారు ఇరుకు గదులలో కాపురముండి, ఏనాటి పిలుపు కొరకు ఆనాడు ఎదురుచూతురు. దగ్గరనే యున్న అమీర్‌పేటలో, కంప్యూటరు కోర్సుల కొరకు జిల్లాలనుండి వచ్చిన యువకులు హాస్టళ్లలో నుందురు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు నిలిచిపోయెను. కూలి లేదు, అద్దె ఆగదు. అట్టి ఇండ్ల నిమిత్తమే అన్నట్లు ఆ సంవత్సరము అప్పు యాప్‌లు ఊరంతట వ్యాపించెను.

పూచీ అక్కరలేదు, నిమిషములలో సొమ్ము వచ్చును. అయితే యాప్ ఫోనులోని నంబర్లను, ఫొటోలను చూచుటకు అనుమతి అడుగును. అవసరములో నున్నవాడు సరే యని నొక్కును. అతడు తాకట్టు పెట్టినది బంగారము కాదు. తన తల్లి నంబరు, మేనమామ నంబరు, పని యిచ్చు మేస్త్రీ నంబరు. గడువు తప్పగానే వారందరికి అతడు దొంగయని సందేశములు పోయెను. మార్చిన అసహ్యపు చిత్రములును పోయెను. ఆ అవమానము భరింపలేక తెలంగాణలో కొందరు ప్రాణములు తీసికొనిరి. 2020 డిసెంబరులో పోలీసులు హైదరాబాదులోను గుర్గాఁవ్‌లోను కాల్ సెంటర్లపై దాడి చేసిరి. అక్కడ ఫోనులు చేయుచుండినవారు జీతమునకు కుదిరిన యువతీ యువకులు!

ఊరి వడ్డీ వ్యాపారి ఎంత కఠినుడైనను గుమ్మము నొద్దకు రావలెను. ఆకలిగొన్న పిల్లలను చూడవలెను. ఈ పిల్లవాడు ఎవరినిని చూడలేదు. నేను చెప్పుమన్న మాట చెప్పితినని అతడనును. ఆ మాట అతనిని నిర్దోషిగా చేయునా? చేయదు.

అయితే చదువరీ, నిలువుము. ఆ చిత్రము అందుకొన్న నూరుమంది మాటేమి? ఆ ఆయుధమునకు పదును పెట్టినది వారి చూపు కాదా? బంధువులు నమ్మరని, తోటివారు నవ్వరని, ఎవరును ఇంకొకరికి పంపరని బాకీదారునికి నిశ్చయముగా తెలిసియున్నయెడల, బెదిరించువాని చేతిలో ఏమి మిగులును? అప్పు ఒక్కటే మిగులును. సిగ్గు మనము ఇచ్చినదే.

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పిచ్చు యాప్‌లు ఫోనులోని నంబర్లను ఫొటోలను ముట్టరాదని నియమించెను. సైబరు మోసమున సొమ్ము పోయినవారు ఫిర్యాదు చేయుటకు 1930 అను నంబరు కలదు. ఇవి మంచివే. అయితే పొరుగువాని అవమానము మన చేతి ఫోనులోనికి వచ్చిన ఆ క్షణమున ఏమి చేయవలెనో ఏ చట్టమును మనకు బదులుగా తీర్మానింపజాలదు. అప్పుడు చుక్కాని మన చేతిలోనే యున్నది.

పౌలు ఓడలో 276 మంది యుండిరి. తుపానులో నావికులు పడవ దింపుకొని రహస్యముగా తప్పించుకొనజూచిరి, వారిని పోనియ్యలేదు. ఓడ బద్దలయ్యెను గాని అందరును ఒడ్డు చేరిరి.

గనుక అట్టి సందేశము మీకు వచ్చినయెడల, దానిని ముందుకు పంపకుడి. తుడిచివేసి ఊరకుండకుడి. ఆ మనిషి యింటికి నడచిపోయి, అతని ప్రక్కను కూర్చుండుడి. మేము నమ్మలేదని నోరార చెప్పుడి. తరువాత అతనితో కూడ పోలీసు స్టేషనుకు వెళ్లుడి.