లెన్సుకు అందనంత దగ్గర

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఈరీ సరస్సు ఒడ్డున మేగీ మార్ష్ అనే చిత్తడి అడవి ఉంది. మే నెలలో అక్కడి చెక్కబాట మీద కెమెరాలవాళ్లు కిక్కిరిసిపోతారు. ఉత్తరానికి వలసపోయే వార్బ్లర్ పిట్టలు సరస్సు దాటబోయే ముందు అక్కడే దిగి, పురుగులు తిని సత్తువ కూడగట్టుకుంటాయి. ఒక్కోటీ 10 గ్రాములు, కాస్త అటూ ఇటూ. బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ గొంతు రంగయితే నిప్పుకణికే!

తమాషా ఏమిటంటే, 600 మిల్లీమీటర్ల, జూమ్ కాని భారీ ప్రైమ్ లెన్సులు సాధారణంగా 4 మీటర్లలోపు ఫోకస్ కావు. పిట్టేమో చేయి చాస్తే అందే కొమ్మ మీద! లక్షలు పోసిన లెన్సుతో వెనక్కి జరుగుదామంటే జనం.

పిట్టలు అన్నిచోట్లా ఇంత దగ్గరికి రావు. అయినా, మన కొల్లేరులోనైనా సరే, పిట్ట దగ్గరికి రాలేదని ఫోన్‌లో దాని కూత వినిపించకండి. అది మేత మానేసి, లేని ప్రత్యర్థి కోసం వెతుక్కుంటుంది.