దేవుడి సొమ్మేనా?

తాడేపల్లిగూడెంలో పెళ్లికూతుళ్లకి జడలు వేయడం నా పని. ఇప్పటి పిల్లల జుట్టు భుజాలు దిగదు. మొగ్గల జడ నిలవాలంటే సవరాన్ని మెడ దగ్గరే పాయల్లో కలిపి, నల్లదారంతో బిగించి అల్లాలి. పైన రాగిడి, చివర జడకుప్పెలు. ఆ బరువంతా మోసేది సవరమే.

కొల్లేటి పక్క ఊళ్లో ఓ పిల్ల తల్లి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, ఇది తిరపతి జుట్టు కాదు కదా? దేవుడి సొమ్ము పిల్ల నెత్తినెట్టకు." స్టీలు గిన్నెలిచ్చి ఇంటింటా కొనే చిక్కు వెంట్రుకలండీ అన్నాను. ఊరుకుంది. ఎవరి తలలో చిక్కని మాత్రం అడగలేదు.

ఆవిడ సందేహం తీసిపారేసేది కాదు. నైవేద్యం పెట్టిన పులిహోర ప్రసాదమై కడుపులోకి పోతుంది. స్వామికి వేసి తీసిన దండ నిర్మాల్యం, కాలికి తగలనివ్వం. మరి తలనీలాలు? తిరుమలలో దేవస్థానమే వాటిని పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తుంది.

2004లో ఈ చిక్కే యూదులకొచ్చింది. వాళ్లలో నిష్ఠగా ఉండే ఇళ్లలో పెళ్లయిన ఆడవాళ్లు జుట్టు కప్పుకోవాలి; చాలామంది విగ్గు పెడతారు. వాటిలో తిరుమల జుట్టుందని తెలిసింది. అక్కడ గుండు చేయించుకోవడమే పూజ, కాబట్టి ఆ జుట్టు వాడకూడదని జెరూసలేంలో రబ్బీ ఎల్యాషివ్ తేల్చారు. న్యూయార్క్ బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు తగలబెట్టారు. మన మొక్కుని మనకంటే వాళ్లే గట్టిగా నమ్మారనిపిస్తుంది నాకు.

అయినా వాళ్లతో ఏకీభవించను. ద్వారకా తిరుమల కళ్యాణకట్టలో చూడండి. కత్తి పడుతుంది, జుట్టు పక్కకి పోతుంది, మనిషి స్నానం చేసి గుండుతో దర్శనానికి వెళ్తాడు. జుట్టు గర్భగుడి దాకా రాదు, దానికి హారతీ లేదు. స్వామి ముందుకి వెళ్లేది గుండే. అద్దం ముందు మన మురిపెం ఒకటుంటుంది కదా, ఇచ్చింది దాన్ని.

నీలాదేవి కథ చెప్పేవాళ్లు దీనికి ఒప్పుకోరు. గొల్లవాడి దెబ్బకి స్వామి తలమీద కాస్త జుట్టు ఊడితే, ఆవిడ తన కురులు కోసి అక్కడ అతికించింది. కాబట్టి మనమిచ్చే వెంట్రుకలే ఆయనకి చేరతాయంటారు. సరే, అలాగే అనుకుందాం. ఆ లెక్కన స్వామి పెట్టుకున్నదీ ఒకామె ఇచ్చిన సవరమే. ఇంకో తల్లి అడిగినప్పుడు ఈ మాటే చెప్పి, జడ మొదలెడతాను.